గ్రిల్ కొనే ముందు ఒక న్యూస్ పేపర్, ఒక అట్టపెట్టె, కొన్ని నీళ్ల బాటిళ్లు

క్యాంపింగ్ సామాన్లు అద్దెకివ్వడం నా పని. టెంట్లు, మడత కుర్చీలు, ఐస్ బాక్సులు, గ్యాస్ గ్రిల్స్. వీటిలో తిరిగొచ్చాక జరిగిందంతా చెప్పేసేది గ్రిల్ ఒక్కటే. మూత తీసి జాలీ చూస్తే చాలు, ఎంతమంది వెళ్లారో, ఎంత వండారో, ఎంత హడావిడిగా వండారో తెలిసిపోతుంది. పెద్ద గ్రిల్ తీసుకెళ్లినవాళ్ల జాలీ చాలాసార్లు మధ్యలో నల్లగా, రెండు పక్కలా కొత్తదానిలా మెరుస్తూ వస్తుంది. మరీ చిన్నది తీసుకెళ్లినవాళ్లదైతే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మాడిపోయి, కొవ్వు పట్టే ట్రే పొంగి కారుతూ వస్తుంది. కడగాల్సింది మేమే కాబట్టి ఈ తేడా నాకు బాగా గుర్తుండిపోతుంది.

సైజు గురించి అడిగేవాళ్లందరూ మొదట చెప్పేది మనుషుల లెక్క. "అక్కా, మేం పన్నెండు మందిమి, మీ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే పెద్దది ఇవ్వండి" అంటారు. నేను అడిగేది వేరే. అందరూ ఒకేసారి తినాలా? కారు ఆగే చోటు నుంచి వండే చోటుకి ఎంత నడవాలి? మోసేది ఎవరు? వీటికి జవాబు చెప్పేలోపే చాలామంది తాము అడిగినదానికంటే ఒక సైజు కిందికి దిగిపోతారు. అద్దెకి తీసుకునేవాళ్లకి సైజు కుదరకపోతే ఆ రెండు రోజులే ఇబ్బంది. కొనుక్కునేవాళ్లకి అలా కాదు, అది అటక మీద కూర్చుని ఏళ్ల తరబడి వాళ్లనే చూస్తూ ఉంటుంది. ఇక్కడ చెప్పేదంతా కొనేవాళ్ల కోసం.

ముందే ఒక మాట. ఏడాదికోసారి కలిసే పెద్ద గుంపుని దృష్టిలో పెట్టుకుని గ్రిల్ కొనకండి. మామూలుగా మీతో ఎవరు వస్తారో వాళ్లని లెక్కపెట్టండి. పెద్ద గుంపు వచ్చిన రోజు ఏం చేయాలో చివర్లో చెబుతాను.

పెట్టె మీద ఉండే అంకె

గ్రిల్ సైజుని సాధారణంగా చదరపు అంగుళాల్లో చెబుతారు. కొన్ని కంపెనీలు చదరపు సెంటీమీటర్లలో రాస్తాయి. ఆ అంకెని 6.45తో భాగిస్తే అంగుళాల లెక్క వచ్చేస్తుంది. మోసుకెళ్లే గ్రిల్స్‌లో ఎక్కువగా కనిపించేవి 150 నుంచి 320 చదరపు అంగుళాల మధ్య ఉంటాయి. ఒక అంచనా కోసం, బాగా అమ్ముడుపోయే మోడళ్లు కొన్ని చూడండి. వెబర్ కంపెనీ గో ఎనీవేర్ మోడల్ 160 చదరపు అంగుళాలు, క్యూ 1200 మోడల్ 189, క్యూ 2200 మోడల్ 280, అదే కంపెనీ ట్రావెలర్ 320. కోల్‌మన్ రోడ్‌ట్రిప్ 285 పేరులోనే దాని సైజు ఉంది.

ఈ అంకెని ఉన్నదున్నట్టు నమ్మకూడదు. రెండు కారణాలు.

మొదటిది పైఅర. కొన్ని గ్రిల్స్‌లో మూత కింద వెనకవైపు చిన్న జాలీ ఒకటి ఉంటుంది, వండినవాటిని వేడిగా ఉంచడానికి. పెట్టె మీద 'మొత్తం వంట స్థలం' అని రాసి ఉంటే అందులో దీన్ని కూడా కలిపేసి ఉండొచ్చు. దాని మీద ఏదీ కాలదు, ఊరికే వెచ్చగా ఉంటుంది. మీకు కావాల్సింది కింది జాలీ లెక్క. అది విడిగా రాసి లేకపోతే టేపు పెట్టి పొడవు, వెడల్పు కొలుచుకోండి.

రెండోది అంచులు. బర్నర్ జాలీ అంచుల దాకా రాదు. చుట్టూ ఒక అంగుళం మేర వేడి తక్కువగా ఉంటుందనుకుని లెక్క వేసుకుంటే ఇబ్బంది పడరు. 17 అంగుళాల పొడవు, 11 అంగుళాల వెడల్పు ఉన్న జాలీ కాగితం మీద 187. నాలుగు పక్కలా అంగుళం తీసేస్తే 15కి 9, అంటే 135. నాలుగో వంతుకంటే ఎక్కువే పోయింది. ఆ అంచు పూర్తిగా వృథా అని కాదు. అయిపోయిన ముక్కలు పక్కకి జరపడానికి పనికొస్తుంది. కానీ వండే చోటుగా దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

బర్నర్ ఆకారాన్ని బట్టి ఈ చల్లటి చోట్లు మారుతుంటాయి. తెలిసినవాళ్ల దగ్గర మీరు కొనాలనుకున్న మోడలే ఉంటే ఒకరోజు అడిగి, జాలీ నిండా బ్రెడ్ ముక్కలు పరిచి, మధ్యస్థంగా మంట పెట్టి, ఒకటి రెండు నిమిషాల్లో తిరగేసి చూడండి. ఎక్కడ మాడింది, ఎక్కడ తెల్లగానే ఉంది అన్నది ఆ బ్రెడ్డే చూపిస్తుంది. మేం కొత్త మోడల్ తెప్పించినప్పుడల్లా చేసే మొదటి పని ఇదే.

న్యూస్ పేపర్ మీద వంట

ఇప్పుడు ఇంట్లో నేల మీద కూర్చుని చేసే పని. ఒక న్యూస్ పేపర్ పరిచి, మీ మనసులో ఉన్న గ్రిల్ జాలీ కొలతతో గీత గీయండి. దాని లోపల అంగుళం వదిలి ఇంకో గీత గీయండి. లోపలి గీతే మీ అసలు గ్రిల్.

తర్వాత పాత అట్టపెట్టె చింపి ముక్కలు కత్తిరించండి. పచ్చి మాంసం తెచ్చి పేపర్ మీద పరచమనడం లేదు, అట్టముక్కలు చాలు. ఎముక లేని కోడి తొడ ముక్క అరచేయంత ఉంటుంది, దానికి 4 అంగుళాల చదరం. బర్గర్ ప్యాటీకి 4 అంగుళాల గుండ్రం. మొక్కజొన్న కంకికి 8 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు. చేపను చేపగానే కాల్చేవాళ్లైతే 12 అంగుళాల పొడవు, మూడున్నర అంగుళాల వెడల్పు. మీరు మామూలుగా ఏం కాలుస్తారో అవే కత్తిరించుకోండి, నా జాబితాతో పనిలేదు.

వాటిని లోపలి గీత దాటకుండా, మధ్యలో కనీసం అర అంగుళం ఖాళీ వదిలి పేర్చండి. ఆ ఖాళీ లేకపోతే ముక్కలు కాలవు, ఆవిరికి ఉడికిపోతాయి. పటకారు దూరడానికి కూడా చోటుండదు. 187 అంగుళాల గ్రిల్ మీద ఇలా పేరిస్తే కోడి ముక్కలు వరసకి మూడు చొప్పున రెండు వరసలు, మొత్తం ఆరు పడతాయి. కంకులు కూడా ఆరే. చేపలైతే రెండు. అవి కూడా తిరగేసేటప్పుడు ఒకదాన్ని ఒకటి రాసుకుంటాయి.

ఇప్పుడు 20కి 14 జాలీ తీసుకోండి, అంటే 280. లోపలి గీత 18కి 12, అంటే 216. అంకెల ప్రకారం పది ముక్కలకి పైగా పట్టాలి. అట్టముక్కలు పేర్చి చూస్తే నాలుగేసి రెండు వరసలు, ఎనిమిదే పడతాయి. మిగిలిన మూడంగుళాల వెడల్పు మూడో వరసకి చాలదు. అక్కడ ఉల్లిపాయ చక్రాలో, క్యాప్సికమ్ ముక్కలో పెట్టుకోవచ్చు. చదరపు అంగుళాల అంకె చెప్పని సంగతి ఇది. ఒకే వైశాల్యం ఉన్న రెండు గ్రిల్స్‌లో ఒకటి పొడవుగా సన్నగా ఉంటే, ఇంకొకటి చతురస్రంగా ఉంటే, మీ ముక్కలు ఒకదాని మీద బాగా సర్దుకుని రెండోదాని మీద ఇరుకవుతాయి. అందుకే పొడవు, వెడల్పు విడివిడిగా కావాలి.

ఇనప పుల్లలకి గుచ్చి కాల్చేవాళ్లు పుల్లల పొడవు కూడా చూసుకోవాలి. జాలీ వెడల్పు 11 అంగుళాలుంటే 14 అంగుళాల పుల్ల అడ్డంగా పెట్టినప్పుడు పిడి బయటికి వస్తుంది, మూత పడదు. జాలీ పొడవునా పెడితే పడుతుంది కానీ అప్పుడు మూడో నాలుగో పుల్లలకే చోటు. పొట్టి పుల్లలు కొనుక్కోవడం అన్నిటికంటే తేలిక.

ఒకేసారా, విడతలుగానా

ఎనిమిది మంది, మనిషికి రెండేసి కోడి ముక్కలు అనుకుందాం. మొత్తం పదహారు. చిన్న గ్రిల్ మీద ఆరు, ఆరు, నాలుగు, అంటే మూడు విడతలు. పెద్దదాని మీద ఎనిమిదేసి రెండు విడతలు. ఎముక లేని ముక్కకి, మూత వేసి కాలిస్తే, మందాన్ని బట్టి 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది (మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్‌కి చేరాలి, ఒక చిన్న థర్మామీటర్ పెట్టుకోండి). చిన్నదానికి మొత్తం ముప్పావుగంట, పెద్దదానికి అరగంట. తేడా పావుగంట.

ఆ పావుగంట కోసం మీరు మోసే బరువు మరో ఆరేడు కిలోలు. కొంతమందికి అది న్యాయమైన బేరమే. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు, చీకటి పడేలోపు తిని బయల్దేరాల్సినవాళ్లు పెద్దది తీసుకోవడమే మంచిది. కానీ చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ, అయినవి అయినట్టు తినే గుంపుకి విడతలు అసలు సమస్యే కాదు. ఇంకా చెప్పాలంటే వాళ్లకి చిన్న గ్రిల్లే బాగుంటుంది, ఎప్పుడూ వేడివేడిగా ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. అందరూ ప్లేట్లు పట్టుకుని ఒకేసారి కూర్చుంటారా, లేక తలా ఒకసారి వచ్చి తీసుకెళ్తారా అన్నది మీ ఇంటివాళ్ల గురించి మీకే తెలుస్తుంది.

మనుషుల సంఖ్యతోనే చెప్పమంటే నా లెక్క ఇది. ఒకరిద్దరికి 160 చాలు. ముగ్గురు నలుగురికి 180 నుంచి 200. ఐదుగురి నుంచి ఎనిమిది మంది దాకా, అందరూ దాదాపు ఒకేసారి తినాలంటే 280 నుంచి 320. విడతలుగా తినేవాళ్లైతే ఈ మెట్లలో ఒకటి దిగొచ్చు.

బీటీయూ ఎక్కువుంటే మంచిదా

షాపుల్లో దీన్ని గొప్పగా చెబుతారు. బీటీయూ అంటే గంటకి బర్నర్ ఇచ్చే వేడికి కొలత. కొన్ని కంపెనీలు కిలోవాట్లలో రాస్తాయి, ఒక కిలోవాట్ సుమారు 3,412 బీటీయూ. విడిగా ఈ అంకె చూసి లాభం లేదు, జాలీ వైశాల్యంతో భాగించి చూడాలి. క్యూ 1200కి 8,500 బీటీయూ, అంగుళానికి 45. క్యూ 2200కి 12,000, అంగుళానికి 43. ట్రావెలర్‌కి 13,000, దాదాపు 41. రోడ్‌ట్రిప్ 285కి 20,000, అంటే 70.

70 ఉన్నది 43 ఉన్నదానికంటే ఒకటిన్నర రెట్లు బాగా కాలుస్తుందని దీని అర్థం కాదు. మందమైన పోత ఇనుము జాలీ, సందుల్లేకుండా కూర్చునే మూత, లోతైన అల్యూమినియం డొప్ప ఉంటే తక్కువ బీటీయూతోనే పని జరుగుతుంది, ఎందుకంటే పుట్టిన వేడి లోపలే నిలుస్తుంది. పల్చటి రేకు డొప్ప, చుట్టూ సందులు ఉన్నదానికి ఎక్కువ మంట కావాలి, గాలి వీస్తే ఇంకా ఎక్కువ కావాలి. గాలి వీచే చోట్లకి వెళ్లేవాళ్లు మూత ఎలా కూర్చుంటుందో చూడటం బీటీయూ చూడటం కంటే ముఖ్యం. మూత వేసి పక్క నుంచి కంటికి వెలుగు ఎంత కనబడుతుందో చూడండి. మూత వెనక పొగ, వేడి పోయే సందు ఎలాగూ ఉంటుంది, అది ఉండాలి. ముందూ పక్కలా ఉండే సందుల గురించే నేను చెప్పేది.

అంగుళానికి 40 కంటే బాగా తక్కువుండి, జాలీ కూడా సన్నటి తీగలతో ఉంటే మాత్రం వదిలేయండి. అది కాల్చదు, ఉడకబెడుతుంది.

బర్నర్ల సంగతి కూడా సైజులో భాగమే. ఒకే బర్నర్ ఉంటే జాలీ మొత్తం ఒకే మంట. రెండు ఉంటే ఒక వైపు ఆపేసి, ఎముకతో ఉన్న మందపాటి ముక్కలని ఆ వైపు పెట్టి, మూత వేసి నెమ్మదిగా మగ్గనివ్వచ్చు. కానీ అప్పుడు మీకు మిగిలేది సగం గ్రిల్. 200 కంటే చిన్నదాంట్లో రెండు బర్నర్ల కోసం వెతకడం అనవసరం అనిపిస్తుంది నాకు, ఆ సగం దేనికీ చాలదు. 280 పైన అయితే రెండు బర్నర్లకి కాస్త ఎక్కువ పెట్టినా పెట్టినందుకు ఫలితం ఉంటుంది.

మూత ఎత్తు చాలామంది చూడరు. కోడిని కోడిగా కాల్చాలనుకుంటే, దాన్ని వెల్లకిలా పెట్టినప్పుడు ఎత్తు ఐదంగుళాల పైనే ఉంటుంది, పైన గాలి తిరగడానికి ఒకటి రెండు అంగుళాలు కావాలి. షాపుకి వెళ్లేటప్పుడు న్యూస్ పేపర్లు కోడంత ఉండగా చుట్టి, టేపు అంటించి పట్టుకెళ్లండి. జాలీ మీద పెట్టి మూత వేసి చూడండి. షాపువాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

మోత

గ్రిల్‌కి సైజులు రెండు. ఒకటి వండేటప్పటిది, రెండోది మోసేటప్పటిది. మొదటిదాన్ని అందరూ చూస్తారు.

బరువులు ఇంచుమించుగా ఇలా ఉంటాయి. 160 తరగతివి 6 నుంచి 9 కిలోలు, 190 దగ్గరవి 12 నుంచి 15, 280 దగ్గరవి 18 నుంచి 22, చక్రాల స్టాండ్‌తో వచ్చేవి 20 దాటతాయి. జాలీ పోత ఇనుముదా కాదా అన్నదాన్ని బట్టి ఒకే సైజులో కూడా రెండు మూడు కిలోల తేడా ఉంటుంది. దీనికి గ్యాస్ సిలిండర్ బరువు అదనం.

కిలోలు కాగితం మీద చదివితే ఏమీ తెలియదు. మడిచినప్పటి కొలతలు కనుక్కుని దాదాపు అంత ఉన్న అట్టపెట్టె ఒకటి సంపాదించండి. నాబ్‌లు, పిడి, పక్కకి పొడుచుకొచ్చే రెగ్యులేటర్ కలుపుకున్న కొలత కావాలి, వట్టి డొప్పది కాదు. అందులో గ్రిల్ ఎన్ని కిలోలుంటే అన్ని లీటర్ల నీళ్ల బాటిళ్లు సర్దండి. లీటరు నీళ్లు ఒక కిలో, ఇంతకంటే సులువైన తూకం లేదు. ఇప్పుడు ఆ పెట్టెని రెండు చేతులతో ఎత్తుకుని, మీ కారు దగ్గర నుంచి మీరు సాధారణంగా వండే చోటుకి ఎంత దూరమో అంత నడవండి. మెట్లుంటే మెట్లెక్కండి. 15 కిలోల సూట్‌కేసు మోయడం వేరు, 15 కిలోల వెడల్పాటి వస్తువుని కడుపుకి ఆనించుకుని, కాళ్ల కింద ఏముందో కనబడకుండా నడవడం వేరు. నడిచేది ఎవరో ఒక్కరే అయితే, ఆ ఒక్కరే ఈ పరీక్ష చేయాలి. ఎవరో మోస్తారులే అని ఇంకొకరు సైజు నిర్ణయించడం నా కౌంటర్ దగ్గర రోజూ చూస్తాను.

అదే పెట్టెని డిక్కీలో పెట్టి చూడండి, ఖాళీ డిక్కీలో కాదు. ఐస్ బాక్సు, కుర్చీలు, బ్యాగులు, మీరు మామూలుగా తీసుకెళ్లేవన్నీ ఉన్నప్పుడు పెట్టండి. డిక్కీ లోపల చోటున్నా దాని నోరు సన్నగా ఉంటుంది, పెట్టెని వంచితే తప్ప వెళ్లదు. వెళ్లేటప్పుడు వంచితే ఏం కాదు. వచ్చేటప్పుడు లోపల కొవ్వు ఉంటుంది, వంచితే అది కార్పెట్ మీదికి వస్తుంది. నిలబెట్టి దాచుకునే చక్రాల గ్రిల్స్‌కి ఇది మరీ ముఖ్యం, ట్రే ఖాళీ చేయకుండా నిలబెట్టకూడదు.

చల్లారే సమయం కూడా సైజుతో పాటే పెరుగుతుంది. చిన్న గ్రిల్ అరగంటలో చేత్తో పట్టుకునేలా అవుతుంది. పోత ఇనుము జాలీ ఉన్న పెద్దది ముప్పావుగంటైనా తీసుకుంటుంది, ఎండలో ఇంకా ఎక్కువ. తినడం అయిపోగానే బయల్దేరే అలవాటున్నవాళ్లు దీన్ని లెక్కలో వేసుకోవాలి. నీళ్లు చల్లి చల్లార్చే ప్రయత్నం చేయకండి, పోత ఇనుము పగులుతుంది.

గ్యాస్ ఎంత పట్టుకెళ్లాలి

లెక్క చాలా సులువు. బీటీయూ అంకెని 48తో భాగించండి. పూర్తి మంట మీద గంటకి ఎన్ని గ్రాముల ప్రొపేన్ (సిలిండర్లో ఉండే గ్యాస్) ఖర్చవుతుందో వస్తుంది. 8,500కి గంటకి సుమారు 177 గ్రాములు, 12,000కి 250, 20,000కి 417. కిలోవాట్లలో రాసి ఉంటే 72తో గుణించండి.

చిన్న గ్రిల్స్‌లో చాలావాటికి తగిలించే 465 గ్రాముల పొట్టి సిలిండర్ మొదటిదానికి రెండున్నర గంటలు వస్తుంది, రెండోదానికి రెండు గంటల లోపు, మూడోదానికి గంట దాటి కొద్ది నిమిషాలు. మంట తగ్గించి వాడితే ఆ మేరకి ఎక్కువ వస్తుంది.

ఇందాకటి పదహారు ముక్కల వంటకి ఇది వేసి చూద్దాం. చిన్న గ్రిల్ వేడెక్కడానికి పది నిమిషాలు, మూడు విడతలు, మధ్యలో జాలీ గోకడానికి రెండు మూడేసి నిమిషాలు కలిపి గంట. ఖర్చు 177 గ్రాములు. పెద్దది పది నిమిషాలు వేడెక్కి, రెండు విడతలు కానిచ్చి 43 నిమిషాల్లో పని ముగిస్తుంది. ఖర్చు దాదాపు 180 గ్రాములు. రెండూ ఒకటే! పెద్ద గ్రిల్ గ్యాస్ తాగేస్తుందన్న మాట నిండుగా వాడినప్పుడు నిజం కాదు. ఇద్దరికి నాలుగు ముక్కలు కాల్చినప్పుడే అది బయటపడుతుంది. రెండింటికీ 25 నిమిషాలే పడుతుంది కానీ చిన్నదానికి 74 గ్రాములు, పెద్దదానికి 104. జాలీ మధ్యలో మాత్రమే నల్లబడి వచ్చే గ్రిల్స్ ఈ బాపతే.

పొట్టి సిలిండర్లో ఎంత మిగిలిందో ఊపి చూసి చెప్పేస్తామనుకుంటారు. కొత్తగా ఉన్నప్పుడు వంటింటి త్రాసు మీద పెట్టి, బరువుని మార్కర్‌తో దాని మీదే రాసేయండి. ప్రతిసారీ వచ్చాక తూచండి. తగ్గిన బరువంతా వాడిన గ్యాస్.

చలి ప్రదేశాలకి వెళ్లేవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. కొన్ని సిలిండర్లలో ప్రొపేన్ బదులు ఉండే బ్యూటేన్ గ్యాస్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం మానేస్తుంది, మంట రాదు. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. అయితే ప్రొపేన్‌కి కూడా ఒక ఇబ్బంది ఉంది. ద్రవం ఆవిరయ్యేటప్పుడు సిలిండర్ నుంచే వేడి లాక్కుంటుంది. పెద్ద బర్నర్‌కి పొట్టి సిలిండర్ తగిలించి గంటసేపు పూర్తి మంట పెడితే సిలిండర్ మీద మంచు పట్టి, లోపల ప్రెషర్ పడిపోయి, మంట నీరసిస్తుంది. లోపల గ్యాస్ ఉంటుంది, బయటికి రాదు. 280 పైన సైజు కొనేవాళ్లు మొదటి రోజే పైపు, సరైన అడాప్టర్ తీసుకుని పెద్ద సిలిండర్‌కి ఏర్పాటు చేసుకోండి. స్టీలు సిలిండర్ తన లోపలి గ్యాస్ ఎంత బరువో ఇంచుమించు తానూ అంతే తూగుతుంది, అది కూడా నీళ్ల బాటిళ్ల లెక్కలో కలపండి. రెగ్యులేటర్ మాత్రం ఆ గ్రిల్‌కి కంపెనీ చెప్పిన గ్యాస్‌కీ, చెప్పిన ప్రెషర్‌కీ సరిపోయేదే ఉండాలి. థ్రెడ్ కుదిరింది కదా అని ఏదో ఒకటి బిగించొద్దు. బిగించాక సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి, ప్రతిసారీ.

చిన్నది కొని పెద్ద పెనం పెట్టొద్దు

చోటు చాలక కొందరు జాలీ మొత్తం కప్పేసే పెద్ద పెనమో, ట్రేనో, అంచు నుంచి అంచు దాకా ఫాయిలో వేసేస్తారు. పైకి పోవాల్సిన వేడి పోయే దారి లేక కిందికీ పక్కలకీ తిరుగుతుంది. అక్కడే నాబ్‌లు, రెగ్యులేటర్, దాని పక్కనే సిలిండర్ ఉంటాయి. మా దగ్గరకి కరిగిన నాబ్‌తో వచ్చే గ్రిల్స్ వెనక కథ దాదాపు ఎప్పుడూ ఇదే. జాలీలో కనీసం మూడో వంతు ఎప్పుడూ తెరిచి ఉండాలి అని నేను అందరికీ చెప్పి పంపిస్తాను. పెనం మీద వంట ఎక్కువ చేసేవాళ్లు ఆ పెనాన్ని కూడా న్యూస్ పేపర్ మీద పెట్టి చూసుకుని, దానికి తగ్గ సైజు కొనాలి.

టేబుల్ గురించి క్లుప్తంగా. కాళ్లు లేని గ్రిల్‌కి టేబుల్ కావాలి, మడత టేబుల్‌కి మోయగల బరువు రాసి ఉంటుంది. గ్రిల్, సిలిండర్, దాని మీద పెట్టే గిన్నెలు అన్నీ కలిపి ఆ బరువులో సగానికి మించకుండా చూసుకుంటాను నేను. ప్లాస్టిక్ పలక వద్దు. మూత వెనక్కి తెరుచుకునేదైతే వెనక చోటు కూడా టేబుల్ మీదే ఉండాలి. నేల ఎగుడుదిగుడుగా ఉండే చోట్లకి వెళ్తే స్టాండ్‌తో వచ్చే గ్రిల్ ఇంకా ఇబ్బంది, టేబులే నయం.

ఏ సైజైనా సరే, టెంట్ లోపల, కారులో, నాలుగు పక్కలా మూసిన షెడ్డులో వెలిగించకూడదు. వర్షం వచ్చినా అంతే. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. చిన్న గ్రిల్లే కదా అని లోపలికి తెచ్చేవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. బాల్కనీలో వాడాలనుకుంటే కొనకముందే మీ బిల్డింగ్ నియమాలు కనుక్కోండి. చాలా చోట్ల అసలు ఒప్పుకోరు, అప్పుడు సైజు ప్రశ్నే ఉండదు.

పెద్ద గుంపు వచ్చిన రోజు

పదీ పన్నెండు మందికి ఒకే భారీ గ్రిల్ కంటే రెండు చిన్నవి మేలు అని నా గట్టి అభిప్రాయం. రెండు 189 గ్రిల్స్ కలిపితే 378, నేను పైన చెప్పిన ఏ ఒక్క గ్రిల్ కంటే ఎక్కువే. మోయడానికి ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరికీ మోయగలిగిన బరువు. ఒకదాని మీద మాంసం, ఇంకోదాని మీద కూరగాయలు పెట్టొచ్చు, రెండింటికీ వేరే మంట. శాకాహారులు ఉంటే వాళ్లు విడిగా అడగాల్సిన అవసరం రాదు. ఒకదాని రెగ్యులేటర్ మొరాయించినా ఆ పూట పస్తు ఉండరు. రెండోది కొనాల్సిన పని కూడా లేదు, అద్దెకి తెచ్చుకోండి, స్నేహితులని తెమ్మనండి. ఒకే రకం సిలిండర్ పట్టేవి అయితే ఇంకా మంచిది.

ఇక రెండు సైజుల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే నీళ్ల బాటిళ్ల పెట్టెనే అడగండి. పెద్ద గ్రిల్ బరువు పెట్టిన పెట్టెతో నడిచి వచ్చాక కూడా 'పర్లేదు, మోస్తాను' అనిపిస్తే పెద్దదే తీసుకోండి. మధ్యలో ఒక్కసారైనా కింద పెట్టి చేతులు విదిలించుకున్నారా, చిన్నది తీసుకుని, మిగిలిన డబ్బుతో దానికి సరిపోయే బ్యాగు, ఇంకో జత పటకార్లు, ఒక థర్మామీటర్ కొనుక్కోండి. బ్యాగు గ్రిల్‌తో పాటే, షాపులోనే పెట్టి చూసి తీసుకోవాలి. రెగ్యులేటర్ బిగించి ఉండగా పట్టే బ్యాగులు తక్కువే.